మునిగినవే మంచివి

కలం పక్కన పెట్టండి బాబూ, ముందు ఈ ముక్క తినండి.
గింజలు మాత్రం పెరట్లోకి ఉమ్మేయకండి, ఆయ్.
ఇదిగో, ఈ సత్తు గిన్నెలో.
ఎంగిలని మొహమాటపడకండి,
మట్టికి ఎంగిలి లేదు.

తెల్లవి నాకొద్దు, అవింకా పాలు తాగే పిల్లలు.
చాకు తగిలి చెక్కు లేచినవి కోడికి.
గండుచీమ వీపులా మెరిసేవే లెక్క.
రాత్రికి నీళ్ళలో పోస్తాను.
తేలినవి తాలు,
మునిగినవే మంచివి.
మా మావగారు దావీదు ఈ మాట చెప్పినప్పుడు
ఆయన కాళ్ళ కింద రెండెకరాల లంక ఉండేది.

వరద తీసిన కార్తీకంలో
ఇసుకలో మోకాలిలోతు గుంట తవ్వితే
అడుగున చెమ్మ,
జ్వరం దిగిన పిల్ల నుదురులాగ.
గుంటకి మూడు గింజలు, గుప్పెడు గొర్రె ఎరువు,
చెలమలోంచి కావిడితో నీళ్ళు.
మాఘం వెళ్ళేసరికి ఇసుక కనపడేది కాదు.

అన్నీ కోసేవారు గానీ ఒక్క కాయని కొయ్యనిచ్చేవారు కాదు.
పాదు మొదట్లోది, అన్నిట్లోకీ పెద్దది.
కొత్తపేట బేరగాడు ఎంత పెంచినా
"అది విత్తనకాయండీ" అని
దాని మీద తన తువ్వాలు కప్పేవారు.
తీగ ఎండి, తొడిమ ఊడి,
లోపల గుజ్జు పులిసేదాకా అదక్కడే.

నేను కొత్త కోడల్ని. కడుపుతో ఉన్నాను.
ఆ ఎండ మీకు తెలీదు.
ఓ మధ్యాన్నం ఆయన భోజనానికి పడవెక్కగానే
తువ్వాలు తీసి, పారతో ఒక్కటిచ్చి,
మోచేతులదాకా కారుతుంటే
మొత్తం తినేశాను.
గింజలు ఎటుపడితే అటు ఉమ్మాను,
రాణీగారిలాగా.

ఆయనొచ్చి తొక్కలు చూశారు.
తిడతారనుకున్నాను.
"ఎటు తిరిగి ఉమ్మేవమ్మా?" అన్నారు.
పొద్దు గూకేదాకా ఇద్దరం
మోకాళ్ళ మీద,
ఆయన తూర్పు నుంచి, నేను పొట్ట పట్టుకుని పడమట నుంచి,
వేడి ఇసుకని వేళ్ళతో జల్లించాం.
నలభై ఒకటి దొరికాయి.
ఈ గిన్నెలోనే వేశాం.

ఆ శ్రావణంలో గౌతమిపాయ ఇటు తిరిగింది.
రాత్రంతా ఒడ్డు కూలే చప్పుడు,
చీకట్లో ఎవరో పెద్ద కాయలు పగలగొడుతున్నట్టు.
తెల్లారి చూస్తే లంక లేదు, పాక లేదు, చెలమ లేదు.
అంతా తినేసి
నది ఒక్క గింజ ఉమ్మలేదు.

ఆ నలభై ఒకటి కచికలో కలిపి
ఉట్టి మీద ఉండబట్టి ఉన్నాయి.
ఇక్కడిది నల్లమట్టి, పైన కొబ్బరి నీడ,
ఈ పాదుకి నచ్చదు, అలుగుతుంది.
ఎవరైనా ఇల్లు కడుతుంటే
వాళ్ళ గుమ్మం ముందు ఇసుక రెండు తట్టలు అడుక్కొస్తాను.
అయినా కాయ బొండమంత దాటదు.
నిరుడు రెండింటిని ఎలుక కొట్టింది.
మా ఇర్మియా, ఆనాడు కడుపులో ఉన్నవాడే,
గులాబీరంగు పూసిన గింజల పొట్లం తెచ్చాడు బజారు నుంచి.
కాయలు బాగానే కాశాయి, అబద్ధమెందుకు.
వాటి గింజలు మళ్ళీ వేస్తే
ఒక్కోటి ఒక్కో మొహం. ఏదీ మావాళ్ళది కాదు.

బీరువాలో చూడండి, హార్లిక్సు సీసా పక్కన
సొసైటీ కాగితం ఉంటుంది.
అందులో లంక ఇంకా అలాగే ఉంది,
హద్దులతో, నంబరుతో, రెండెకరాలూ.
పోయిందెంతో అందులో చూసి రాసుకోండి.
మిగిలిందెంతో మాత్రం
రాత్రి నీళ్ళలో పోస్తే గాని చెప్పలేను.

మీరొకటి మింగేరు.
చూశానండి.